మైకు ఆగిన ఆదివారం

"తాళం ఎక్కడ పెట్టావు?"

మైకమ్మ పొయ్యి వైపు తిరిగింది. పాలు పొంగుకొస్తున్నాయి. మంట తగ్గించి, గరిటెతో మీగడ పక్కకు నెట్టింది.

"నిన్నే. వ్యాను తాళం."

"చెప్పాను కదా. ఇవ్వను."

ఆదివారం పొద్దున్న ఆరు కావస్తోంది. ఏడింటికల్లా స్టేషను ముందు గడియారం స్తంభం దగ్గర పన్నెండు మంది వచ్చి నిలబడతారు. టోపీలు, నీళ్ళ సీసాలు, మెడలో కెమెరాలు. పొద్దున్న నగరం దాటి, పల్లెల మీదుగా సముద్రం దాకా వెళ్ళి, చీకటి పడేలోగా తిరిగి రావడం. ఇరవై రెండేళ్ళుగా ఆ వ్యాను నడుపుతున్నది అతనే. పద్నాలుగేళ్ళుగా అతని పక్క సీట్లో మైకు పట్టుకుని కూర్చుంటున్నది ఆమె. పదేపదే వచ్చేవాళ్ళు ఆమెకు మైకమ్మ అని పేరు పెట్టారు. చివరికి ఇంట్లోనూ అదే ఖాయమైంది.

డ్రైవరు కోటు వేసుకున్నాడు. కోటు జేబులన్నీ మళ్ళీ ఒకసారి తడుముకున్నాడు. బుధవారం నాడు ఉతకడానికి తీసినప్పుడు ఆ జేబులోనే, అతని కళ్ళు చూసిన డాక్టరు రాసిన కాగితం ఆమెకు దొరికింది. తేదీ చూస్తే నాలుగు నెలల కిందటిది. పక్కచూపు సగానికి పైగా పోయిందనీ, పోయింది తిరిగి రాదనీ, ఇకమీదట వాహనం నడపకూడదనీ రాసి ఉంది.

"డాక్టర్లు అలాగే రాస్తారు," అన్నాడతను. బుధవారం నుంచీ అదే పాట. "నీకు నడుం నొప్పి వచ్చినప్పుడు వంట చెయ్యొద్దని రాశాడు. మానేశావా?"

"కూరలో ఉప్పెక్కువైతే మనుషులు చావరు."

"ఎవరు చచ్చారిప్పుడు?"

"పోయిన ఆదివారం ఆ సైకిలతను..."

"అతనే వచ్చి అద్దానికి తగులుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అతను రావడం మీరు చూశారా?"

డ్రైవరు కోటు బొత్తాలు పెట్టుకోసాగాడు. లోపలి గదిలో చెప్పుల చప్పుడైంది. అమ్మాయి జడ వేసుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వీధి చివరి బ్రెడ్డు కొట్టులో పని ఆమెకు. ఆదివారం ఆరున్నరకే కౌంటరు తెరవాలి.

తల్లీ తండ్రీ ఇద్దరూ గోడల వంక చూడసాగారు.

"నాలుగు రోజులైంది," అంది అమ్మాయి. "నేను రాగానే ఇద్దరికీ నోళ్ళు పడిపోతాయి. దేని గురించో చెప్తే నేనూ ఎవరో ఒకరి పక్కన చేరతాను కదా."

"ఏం లేదమ్మా. తాళం కనిపించడం లేదు," అన్నాడు తండ్రి.

"ఆ మాత్రానికా? రెండో తాళం నా సంచీలో ఉంది. మొన్న కొట్టు వెనక బండి పెట్టినప్పుడు నువ్వే ఇచ్చావు నాన్నా."

అంటూనే తీసి అతని చేతిలో పెట్టింది.

మైకమ్మ ఏమీ అనలేకపోయింది. అంటే కూతురికి అంతా చెప్పాలి. చెబితే, కూతురి ముందు ఆ మనిషి మొహం ఎలా అవుతుందో చూడాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

అతను మెట్లు దిగుతున్నాడు. మూడంతస్తులు. చెయ్యి పిట్టగోడ మీద ఆనించి దిగుతున్నాడు. ఎప్పటి నుంచి అలా దిగుతున్నాడో ఆమెకు గుర్తురాలేదు.

ఈ ట్రిప్పులు నడిపే కంపెనీ అతని బావగారిది, అంటే అక్క భర్తది. ఒక్క ఫోను చేస్తే చాలు, ట్రిప్పు ఆగిపోతుంది. కానీ గురువారం నాడే అతను చెప్పేశాడు: "నన్ను దాటి బావకి చెప్పావంటే, ఈ జన్మకి నీతో నాకు మాటల్లేవు." ఫోను చెయ్యకపోతే పన్నెండు మంది. చేస్తే ఒక్కడు. ఆ ఒక్కడు తన మనిషి. అడకత్తెరలో పోకచెక్కలా ఆమె వంటింట్లో ఇంకో నిమిషం నిలబడింది.

తర్వాత స్టవ్ ఆపి, మైకు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. తను వెళ్ళకపోయినా అతను వెళ్ళిపోతాడు. అది ఒక్కటే ఆమెకు నిశ్చయంగా తెలుసు.

వ్యాను తలుపు వేసుకుంటూ అంది: "వస్తున్నాను. కానీ ఇవాళ నా నోట్లోంచి ఒక్క మాట రాదు."

"రాకపోతే మానె. నాకేం?"

గడియారం స్తంభం దగ్గర ఎప్పటిలాగే కోలాహలం. నెలకోసారైనా వచ్చే లెక్కల మాస్టారు, ఉద్యోగం నుంచి దిగిపోయి ఆరేళ్ళయినా ఇంకా చొక్కా జేబులో రెండు పెన్నులతోనే తిరుగుతారు. ఈసారి మనవరాలు కొనిపెట్టిందట, కొత్త టోపీ. వెనక సీట్లకు భార్యాభర్తలిద్దరు, పక్షుల్ని చూడ్డానికి దుర్భిణీతో. ఎక్కీ ఎక్కగానే కిటికీ సీటు కోసం దెబ్బలాడుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అందరి పేర్లూ చీటీలో చూసి గీతలు కొట్టింది మైకమ్మ. నవ్వింది కూడా. నవ్వడానికి మైకు అక్కర్లేదు కదా.

వ్యాను నగరం దాటింది. గోదాములు వెనకబడ్డాయి. తర్వాత మొండిగోడల ఇళ్ళు, తర్వాత పొలాలు. మామూలుగా అయితే ఈపాటికి ఆమె మూడు కథలు చెప్పి ఉండేది.

"మైకమ్మా, గొంతు పట్టేసిందా?" అని వెనక నుంచి మాస్టారు అడిగారు.

ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల ఊపింది.

పెద్ద రోడ్డు మీద డ్రైవరు బాగానే నడిపాడు. రెండు చేతులూ స్టీరింగు మీద, చూపు తిన్నగా ముందుకు. ఒక్కక్షణం ఆమెకే అనుమానమొచ్చింది, తనే గోరంతను కొండంత చేస్తోందా అని.

రాతివంతెన దాటాక పెద్ద రోడ్డు వదిలి పల్లెదారి పట్టాలి. అక్కడ మొదలైంది. మలుపు ఇంకా రాకముందే అతను వేగం బాగా తగ్గించేశాడు. మెడ కోడిలా అటొకసారి, ఇటొకసారి తిప్పుతున్నాడు. నుదుటి మీద చెమట. మలుపు వచ్చింది, దాటిపోయింది. అతను ఆగలేదు.

దారి మర్చిపోయాడేమో అనుకుందామంటే, ఆ దారి అతనికి కళ్ళు మూసుకున్నా తెలిసిన దారి. పావు కిలోమీటరు పోయాక నాలుక కరుచుకుని, వ్యాను వెనక్కి తిప్పాడు. అక్కచెల్లెళ్ళు ఫక్కున నవ్వారు.

పల్లెదారిలోకి తిరిగారు. ఎడమ పక్క సందులోంచి పాల బండి వస్తోంది. నెమ్మదిగానే, అందరికీ కనిపించేలాగే వస్తోంది. డ్రైవరు కాలు మాత్రం కదలలేదు.

"ఆపండి!"

ఆ కేక ఆమెదే. బ్రేకు పడింది. పాల బండిలో క్యాన్లు ఒకదాని మీద ఒకటి పడి గణగణమన్నాయి. ఆ బండివాడు తల బయటపెట్టి ఏదో తిట్టాడు, చెయ్యి ఊపాడు, వెళ్ళిపోయాడు. మాస్టారి కొత్త టోపీ ఆమె కాళ్ళ దగ్గరికి దొర్లుకొచ్చింది.

వెనక సీట్లలో కిందపడ్డ సీసాలు ఏరుకుంటున్నారు.

డ్రైవరు తల తిప్పకుండా, ఆమెకు మాత్రమే వినపడేట్టు అన్నాడు: "మైకు తీసుకో."

"ఎందుకు?"

"తీసుకో." గేరు మార్చాడు. "దారి చెప్పు."

అప్పుడు అర్థమైంది ఆమెకు.

నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం అతను తనంతట తానే ఆమె పని గురించి మాట్లాడాడు. పద్నాలుగేళ్ళలో అదే మొదటిసారి. "మలుపు వచ్చాక చెప్తే లాభమేంటి? ముందే చెప్పు, జనం కెమెరాలు తీసుకుంటారు. ఎడమా కుడీ స్పష్టంగా చెప్పు. దారిలో ఏం కనిపించినా చెప్పు, వాళ్ళకి సరదాగా ఉంటుంది." ఆ రాత్రి ఆమె సంతోషం పట్టలేక కొత్త నోటుపుస్తకం కొంది. వంతెనలు, మైలురాళ్ళు, పాడుపడ్డ కోటగోడ, గాలిమర, అన్నీ వరుసగా రాసుకుంది. ఇన్నాళ్ళకు నా మాట ఈయన చెవిన పడుతోంది అనుకుంది.

నిజంగానే పడుతోంది. ఆ మాట పట్టుకునే అతను స్టీరింగు తిప్పుతున్నాడు.

ఆమె మైకు అందుకుంది. కోపం తర్వాత. ముందు పన్నెండు మంది.

"ముందు కుడివైపు మలుపు. మలుపులో ఎవరూ లేరు," అంది మైకులో. "ఎడమవైపు గొర్రెల మంద వస్తోంది. ఒక ముసలాయన తోలుకొస్తున్నాడు. ఇరవై ఉంటాయి. రోడ్డెక్కుతున్నాయి... ఎక్కేశాయి. దాటేదాకా ఆగుదాం."

వ్యాను ఆగింది.

"గొర్రెల జనాభా లెక్కలు కూడా చెబుతారా ఇప్పుడు?" అని మాస్టారు నవ్వారు. "నాకు నచ్చింది. లెక్క సరిగ్గా ఉండాలి కానీ. నేను పంతొమ్మిదే లెక్కపెట్టాను."

అందరూ నవ్వారు. ఆమె కూడా గొంతులో నవ్వు తెచ్చుకుంది. ఉప్పుమడులు, గట్టు మీద నడిచే ఇద్దరు ఆడవాళ్ళు, ఎదురుగా ట్రాక్టరు, కుడిపక్క సైకిలు మీద చిన్నపిల్ల. ఒక్కటీ వదలకుండా చెప్పింది. నలభై కిలోమీటర్లు చెప్పింది. సముద్రం కనిపించగానే వెనకవాళ్ళు ఓహో అని అరిచారు. ఆమె మాత్రం సముద్రాన్ని చూడలేదు, రోడ్డునే చూస్తోంది.

సముద్రం ఒడ్డున రెండు గంటల విడిది. జనం దీపస్తంభం వైపు పోయారు. దుర్భిణీ దంపతులు రాళ్ళ మీదికెక్కి ఏదో తెల్లపిట్ట గురించి వాదించుకుంటున్నారు. వాళ్ళంతా దూరమయ్యేదాకా చూసి, ఆమె ఒడ్డు వెంబడి కట్టిన గోడ మీద అతని ఎదురుగా కూర్చుంది.

"ఎంత కనిపిస్తోంది?"

"ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోంది."

"సరిగ్గా చెప్పండి."

అతను ఆమె వైపు తిన్నగా చూశాడు. "నీ మొహం కనిపిస్తోంది. చేతులు కనిపించడం లేదు."

ఆమె కుడిచెయ్యి పక్కకు చాచింది. "ఇప్పుడు?"

"ఏం చేస్తున్నావు?"

"చెయ్యి ఊపుతున్నాను."

అతను మొహం తిప్పబోయాడు. తిప్పితే కనిపించేదే, అయినా తిప్పలేదు. ఆమె చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. అల వచ్చి గోడ మొదట్లో రాళ్ళను తడిపి వెనక్కి పోయింది. ఇంకొకటి వచ్చింది.

"గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది," అన్నాడతను. "మొదట్లో అద్దాలు మురికి పట్టాయేమో అనుకున్నా. రోజూ తుడిచేవాణ్ణి. నువ్వు కూడా అన్నావు గుర్తుందా, కొత్తగా ఈ శుభ్రమేంటని."

"గుర్తుంది."

"సోమవారం ఆ సైకిలతని ఇంటికి వెళ్ళాను."

ఆమె తలెత్తింది. ఈ మాట ఆమెకు తెలియదు.

"బుట్టలు అల్లుతాడు. మోచేతికి కట్టు కట్టుకున్నాడు, ఒంటిచేత్తోనే అల్లుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి నోరు తెరిచే లోపు అతనే లేచొచ్చాడు. తప్పు నాదేనండీ, పరాకుగా అడ్డమొచ్చాను, మీ బండి అద్దం పగిలిందేమో అన్నాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. అతని భార్య కూడా క్షమించమంది. ఇద్దరూ నన్ను క్షమించమన్నారు."

"మీరేమన్నారు?"

"పర్వాలేదు అన్నాను."

అతను అబద్ధమాడి ఉంటే ఆమె కోప్పడేది. ఏడ్చి ఉంటే ఓదార్చేది. అతను నిజమే చెబుతున్నాడు, ఏడవడం కూడా లేదు.

"పర్వాలేదన్నాను," అని మళ్ళీ అన్నాడు. "టీ తాగాను. గుమ్మం దిగుతుంటే జాగ్రత్తండీ, మెట్టు ఉంది అన్నాడతను. అతనికి తెలిసిపోయిందేమో అని ఇంటికొచ్చేదాకా భయపడుతూనే ఉన్నాను."

"ఆ భయం నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే బండి ఎక్కనిస్తావా?"

"ఎక్కనివ్వను."

"అందుకే." వేళ్ళతో గోడ రాయి మీద గీస్తున్నాడు. "ఇరవై రెండేళ్ళు. పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజను పలుకుతుంది చూడు, ఆ చప్పుడు వింటేనే నాకు తెల్లవారినట్టు. అది లేకుండా ఆ మూడో అంతస్తులో నేనేం చెయ్యాలి? కిటికీ దగ్గర కూర్చుని నువ్వు వేరేవాడి పక్క సీట్లో వెళ్తుంటే చూడాలా? అదీ సగం చూపుతో? ఈ సీజను ఒక్కటీ గడిస్తే నేనే మానేద్దామనుకున్నాను."

"నిరుడు మోకాలికీ ఇదే అన్నారు."

"మోకాలు వేరు."

"సీజనులో ఇంకా పది ఆదివారాలున్నాయి. పది ఆదివారాలకూ పన్నెండేసి మంది. రోడ్డు మీద వచ్చేవాళ్ళ లెక్క మాస్టారికైనా తెలియదు." ఆమె గొంతు పెరిగింది, మళ్ళీ తగ్గించుకుంది. "అది సరే. నా సంగతేంటి? నాకు తెలియకుండా నా నోటితో మీరు బండి నడిపారు. నేనొక్క మాట తప్పు చెప్పి ఉంటే? నాకు దగ్గొచ్చి ఉంటే? ఆ పాపం ఎవరిది?"

"నీ మాట మీద నమ్మకం ఉంది కాబట్టే..."

"నమ్మకముంటే చెప్పేవారు. కొత్త పుస్తకం కొనుక్కున్నానండీ నేను."

ఆ మాటకు అతని మొహం మారిపోయింది. పాల బండి అడ్డం వచ్చినప్పుడు కూడా అలా మారలేదు.

ఆమె సంచీలోంచి ఫోను తీసింది. "తిరుగుదారిలో నేను మైకు పట్టుకోను. మీరు సీట్లో కూర్చోకూడదు. అన్నయ్యగారికి చెప్తున్నాను. మీరు ఈ జన్మంతా మాట్లాడకపోయినా సరే."

"ఆగు."

అతను లేచాడు. చెయ్యి చాచాడు, ఫోనుకి తిన్నగానే.

"నేను చెప్తాను. మా బావకి నేనే చెప్పుకోవాలి. నువ్వు చెప్తే... నా పరువు నన్నే తీసుకోనీ."

ఆమె ఇచ్చింది.

అతను ఆరబెట్టిన వలల వెనక్కి నడిచాడు. అక్కడ అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్నాడు. గాలికి ఒక్క మాటా ఇటు రావడం లేదు. ఒకసారి తల వంచుకున్నాడు. ఒకసారి చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఆమెకు లేచి వెళ్ళి పక్కన నిలబడాలనిపించింది. కానీ కొన్ని మాటలు మనిషి ఒంటరిగానే చెప్పుకోవాలి అనుకుని కూర్చుంది.

తాళం దాచినందుకు, నాలుగు రోజులు మూతి ముడుచుకున్నందుకు తనమీద తనకే కాస్త సిగ్గేసింది. ఇంటికెళ్ళాక అమ్మాయికి ఇద్దరం కలిసి చెబుదాం. ఆ బుట్టలల్లే అతని ఇంటికి కూడా ఇద్దరం కలిసే వెళ్దాం. బావగారు ఆఫీసులో ఏదో ఒక పని చూపించకపోరు. దారులన్నీ తెలిసిన మనిషి. ఏ దారి ఎప్పుడు పోవాలో చెప్పడానికి కళ్ళతో పనేముంది? ఇలా ఆమె మనసు ముందుకు ముందుకు పరిగెత్తింది.

డ్రైవరు తిరిగొచ్చాడు. మొహంలో బరువు కొంత దిగినట్టుంది. ఫోను ఇచ్చేసి, వ్యాను తాళం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇంకో డ్రైవర్ని పంపిస్తున్నాడు. గంటన్నరలో వస్తాడట."

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి పట్టుకుని గోడ మీద పక్కన కూర్చోబెట్టుకుంది. వారం రోజుల్లో ఇద్దరి మధ్యా తేలిగ్గా ఉన్న మౌనం అదొక్కటే.

మాస్టారు దీపస్తంభం నుంచి తిరిగొస్తూ, మెట్లు రెండువందల పన్నెండు అని దూరం నుంచే ప్రకటించారు.

ఫోను మోగింది. బావగారు. ఈసారి ఆమెకే.

"అమ్మా, ఇప్పుడెలా ఉంది?"

"బాగానే ఉంది అన్నయ్యగారూ. కాస్త మనసు కుదుటపడింది."

"అంతా చెప్పాడు మావాడు. అప్పుడే నాకు ఫోను చెయ్యాల్సింది కదమ్మా. దారిలో కళ్ళు తిరిగాయట నీకు? రెండుసార్లు?"

ఆమెకు అర్థం కాలేదు.

"ఎవరికి?"

"నీకేనమ్మా. నిన్ను ఆ స్థితిలో పెట్టుకుని బండి నడపడం తన వల్ల కాదన్నాడు. గొంతు వణికిపోతోంది పాపం. అందుకే వేరే డ్రైవర్ని పంపిస్తున్నా. నువ్వు వెనక సీట్లో పడుకో, మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. ఈ నెలంతా ఇంట్లో విశ్రాంతి తీసుకో. వచ్చే ఆదివారానికి కొత్త గైడు పిల్లని చూశాను. చలాకీ పిల్లే, కాకపోతే దారులింకా తెలియవు. మావాడు ఉన్నాడు కదా, నేర్పిస్తాడు. ఏమంటావు?"

మైకమ్మ మెల్లగా తల తిప్పి భర్త వైపు చూసింది. అతను ఆమె పక్కనే, ఎడమవైపు కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాడు. ఆమె తనను చూస్తోందని అతనికి తెలియదు. అతని చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఎదురుగా మాస్టారు, వెనక అక్కచెల్లెళ్ళు, ఆ వెనక దుర్భిణీ దంపతులు ఒక్కొక్కరే వ్యాను దగ్గరికి చేరుతున్నారు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను అన్నయ్యగారూ," అంది. "కళ్ళ మాట నిజమే."

ఆమె చేతిలో ఉన్న చెయ్యి బిగుసుకుంది.

"అయితే డాక్టరుకి చూపించాలి కదమ్మా?" అన్నాడు బావగారు. "ఎప్పటి నుంచి నీకిలా?"

డ్రైవరు ఇప్పుడు పూర్తిగా ఆమె వైపు తిరిగి, ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు.